కపిల బావి దగ్గర బాతులు

పక్షులను చూడడం కోసం చీకటితో లేచి ప్రయాణమయ్యే అలవాటు మా వంశంలో నాకు ముందు ఎవరికీ లేదు. పక్షులను తోలడం కోసం లేచేవారు. మా నాయన తండ్రి, మా జేజినాయన, జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పేవాడట. మా నాయన చిన్నతనంలో పగిలిన రేకుడబ్బా వాయిస్తూ చేలగట్ల మీద, గెనాల వెంబడి పరుగెత్తేవాడట. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. కర్నూలులో ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా కోసం నేను కొనుక్కున్న మొదటి విలువైన వస్తువు ఒక దుర్భిణి. దాన్ని చూసి మా అమ్మ అడిగిన ప్రశ్నను ఇప్పటికీ మా బంధువుల ఇళ్ళలో చెప్పుకుని నవ్వుతారు.

"పిట్టల్ని చూసేకి దేవుడిచ్చిన కండ్లు సాల్లేదామ్మే నీకు?"

"చాలలేదమ్మా," అన్నాను. అప్పుడూ అదే జవాబు, ఇప్పుడూ అదే జవాబు.

నేను పక్షులను చూసే చోటు కర్నూలు నుంచి ఆత్మకూరు వైపు వెళ్ళే దారికి కొంత లోపలగా ఉన్న ఒక జలాశయం. దాని వెనకభాగంలో నీళ్ళు పలచగా పరుచుకున్న మేరను కొన్నేళ్ళ క్రితం పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. గేటు పెట్టారు, టికెట్టు పెట్టారు, పక్షుల బొమ్మలతో పెద్ద బోర్డు పెట్టారు. ఆ నీళ్ళ అడుగున మా జేజినాయన ఊరు ఉంది. జలాశయం కట్టినప్పుడు ఊరిని ఖాళీ చేయించి, గట్టు అవతల కాలనీలో స్థలాలిచ్చారు. పరిహారం ఇచ్చారు, మావాళ్ళు వేలిముద్ర వేసి పుచ్చుకున్నారు. చట్టప్రకారం ఆ భూమి ఇప్పుడు మాది కాదు. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. ఎవరూ నాకు గుర్తు చేయనక్కరలేదు.

అయితే మా కాలనీలో ఒక పద్ధతి ఉంది. చలికాలం రాగానే జలాశయంలో నీళ్ళు వెనక్కి తగ్గడం మొదలవుతుంది. తగ్గిన కొద్దీ నల్లటి ఒండ్రు బయటపడుతుంది. అప్పుడు మావాళ్ళు కర్రలు పుచ్చుకుని ఆ బురదలో నడుస్తూ ఎవరి పాత చేను వారు వెతుక్కుంటారు. హద్దురాళ్ళు ఒండ్రులో కూరుకుపోయి ఉంటాయి. చింతమొద్దు ఒకటి, గుడిసె గోడ పునాది ఒకటి, బావిరాళ్ళు ఒకటి, ఇలాంటివే ఆనవాళ్ళు. వాటి నుంచి అడుగులు వేసుకుంటూ పోయి, పాదాలకు గట్టు తగిలినచోట ఆగి, "ఇది మాది" అంటారు. ఆ మాటను కాదన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. కాగితం మీద ఎవరికీ హక్కు లేని నేలలో, ఒకరి పాత చేనులో ఇంకొకరు గింజ వేయరు. ఆ తడిలోనే శనగ చల్లుతారు. వేసవికి ముందే కోసుకుని వచ్చేస్తారు. తర్వాత వానలు, వరద, మళ్ళీ నీళ్ళు.

మా చేనుకు ఆనవాలు కపిల బావి. ఎద్దులతో తోలు బానను లాగి నీళ్ళు తోడే బావిని మా వైపు అలా అంటారు. బావి ఎప్పుడో పూడిపోయింది. బాన వేలాడదీసిన రెండు నాపరాతి స్తంభాలు మాత్రం ఒండ్రులోంచి మనిషి నడుము ఎత్తున నిలబడి ఉంటాయి. మా నాయన ఊరు మునిగిన తర్వాత నాపరాతి గనుల పనికి వెళ్ళిపోయాడు. ఆ స్తంభాల చుట్టూ ఉన్న బురదను వదలనిది మా మేనత్త ఒక్కతే. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. ఏడాదికి ఒక్కసారి ఆ శనగ ఉంది.

ఇక మా బృందం గురించి చెప్పాలి. ఆదివారాలు పక్షులను చూడడానికి వెళ్ళే కొందరు కర్నూలు పెద్దమనుషులతో నేను రెండేళ్ళు తిరిగాను. దాని నాయకుడు పదవీ విరమణ చేసిన ఒక ఉన్నతాధికారి. నీటి ఒడ్డున తిరిగే ఉల్లంకిపిట్టల్లో ఒకదానికీ మరొకదానికీ తేడా కాళ్ళ రంగును బట్టి ఎలా గుర్తించాలో నాకు ఓపికగా నేర్పినది ఆయనే. పక్షుల మీద ఆయనకున్న ప్రేమ నిజమైనది. ఆ ప్రేమ నిజమైనది కాబట్టే ఆ రోజు జరిగినదాన్ని నేను తేలికగా తీసుకోలేకపోయాను.

అది జనవరి మాసపు ఒక ఆదివారం. మినీబస్సులో గేటు దగ్గర దిగేసరికి నీళ్ళమీద మంచు ఇంకా విడలేదు. అవతలి వైపు ఎక్కడో తీతువు అరుస్తోంది. గేటు కాపలాదారు మా కాలనీవాడే. నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును, అయినా బృందం ముందు "మేడం" అనే పిలుస్తాడు. టికెట్లు చించి ఇచ్చి, "ఈ పొద్దు బాతులు శానా దిగినాయి సార్," అని నాయకుడితో అన్నాడు.

మంచు పలచబడుతున్న కొద్దీ అవి కనబడ్డాయి. మొదట బొల్లికోళ్ళ గుంపు, నీళ్ళ మీద నల్లటి చుక్కలుగా. తర్వాత లోతు తక్కువున్న చోట గూడకొంగలు, మెడలు వెనక్కి వాల్చుకుని, పంచాయతీ తీర్పు కోసం కూర్చున్న పెద్దల్లాగా. ఆ తర్వాత ఒడ్డు మీద, పచ్చటి శనగ మొక్కల మధ్య, మేము దేని కోసం వచ్చామో ఆ బాతులు. తెల్లటి తలమీద రెండు నల్లటి పట్టీలు. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చిన పక్షి మా అత్త చేలో తల దించుకుని మేస్తూ ఉంటే ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ చేను మాదన్న సంగతి బృందంలో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. దాన్ని దాచడమంటే నేను ఒప్పుకోను. వారిలో ఎవరి తాతల భూములు ఎక్కడున్నాయో నాకూ ఎవరూ చెప్పలేదు.

నాయకుడు టెలిస్కోపును ముక్కాలిపీట మీద నిలిపి ఒడ్డంతా వెతుకుతున్నారు. ఉన్నట్టుండి ఆయన గొంతు మారింది.

"మాటు! వేటగాళ్ళ మాటు! అదిగో, రెండు రాళ్ళ మధ్య గోతాం కట్టుకున్నారు. లోపల ఎవడో కూర్చున్నాడు. చుట్టూ పుల్లలు పాతి ఉచ్చులు బిగించాడు. ఎంత ధైర్యం! రక్షిత ప్రాంతంలో, పట్టపగలు!"

ఒకరి తర్వాత ఒకరు కన్ను ఆనించి చూశారు. బృందంలో ఉన్న యువ వైద్యుడు అప్పుడే పెద్ద కెమెరా బయటికి తీశాడు. నా వంతు వచ్చింది. గుండ్రటి అద్దంలో మా కపిల స్తంభాలు కనబడ్డాయి. చలిగాలికి అడ్డంగా కట్టిన గోతాం కనబడింది. చేను చుట్టూ పుల్లలకు దారాలతో కట్టిన మెరుపు రిబ్బన్లు కనబడ్డాయి. గాలికి అవి జుయ్యిమని మోగితే బాతులు బెదురుతాయని మావాళ్ళ నమ్మకం. ఎంత బెదురుతాయో అక్కడే మేస్తున్న గుంపును చూస్తే తెలుస్తోంది. ఇక లోపల మాటు వేసిన వేటగాడు మా మేనత్త. రొట్టె తింటోంది.

"సార్, అవి ఉచ్చులు కావు," అన్నాను. "బాతులను తోలడానికి కట్టిన రిబ్బన్లు. అది మాటు కాదు, పూడిన కపిల బావి."

"ఇంత దూరం నుంచి మీకెలా తెలుసు?"

"ఆ బావి మా జేజినాయన తవ్వించింది. లోపల ఉన్నది మా మేనత్త."

నాయకుడు నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూసి, "ఇన్నాళ్ళూ ఈ మాట మాతో అనలేదే మీరు?" అన్నారు.

"మీరు అడగలేదు సార్."

ఆయన కాపలాదారును పిలిచారు. అతణ్ణి వెంటబెట్టుకుని అందరూ బురదగట్టు మీదుగా చేను వైపు నడిచారు. మేము దగ్గరికి రాగానే బాతులు కూతలు పెడుతూ లేచి నీళ్ళ మీదికి పోయాయి. పొద్దుటి నుంచి రిబ్బన్లు చేయలేని పని మా బృందం ఒక్క నిమిషంలో చేసింది. ఆ మాట నేను పైకి అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మా అత్త గోతాం తొలగించుకుని బయటికి వచ్చింది. చేతిలో సగం రొట్టె. నన్ను చూసింది గాని పలకరించలేదు, కాపలాదారు వైపు తిరిగింది.

"ఏమప్పా, ఇంతమందిని తోలుకోనొచ్చినావు? పెండ్లిచూపులా ఏంది?"

"రోంత సేపు గమ్మునుండు పెద్దమ్మా," అన్నాడతను, నేల చూస్తూ.

నాయకుడు కొంచెం వంగి, గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అన్నారు: "అమ్మా, ఇది పక్షుల ప్రాంతం. తెలుసా నీకు?"

"తెలీకేం సామీ! నా శెనగ తింటాండేది అవే గదా."

"గేటు దగ్గర బోర్డు ఉంది. చూడలేదా?"

"సదువు రాదు సామీ. ఆ బోర్డుకు గుంత తీసింది మాత్రం నేనే, కూలికి పిలిస్తే పోయినా."

కాపలాదారు దగ్గుతూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాయకుడు నవ్వలేదు. సరే, వేట కాదని ఒప్పుకుందాం, అన్నారు. ఒప్పుకుందాం అన్నారే గాని, వైద్యుణ్ణి ఆ పుల్లలనూ దారాలనూ దగ్గరగా ఫోటోలు తీయమన్నారు. వేట అనుకున్నా, ఆక్రమణ అనుకున్నా, పక్షులకు ఇబ్బంది ఇబ్బందే అన్నారు. తర్వాత తమ ఆలోచన చెప్పారు. ఈ చేను ముందు నిలబడి బృందంలో ఒక్కొక్కరూ మాట్లాడతారు, దాన్ని వీడియో తీసి పై అధికారులకు పంపుతారు, కేసు పెట్టి ఈ సాగును వెంటనే ఆపించాలని కోరతారు.

వేట కేసు అంటే ఏమిటో నాకు తెలుసు. అది జరిమానాతో పోయే వ్యవహారం కాదు. స్టేషను, జైలు, వకీలు. చదువు రాని ఒంటరి మనిషి దారాలూ పుల్లలూ ఉన్న ఫోటోల ముందు నిలబడి, అవి ఉచ్చులు కావని ఎన్ని వాయిదాల పాటు చెప్పుకోవాలి? ఆలోగా శనగ కోతకు వచ్చి రాలిపోతుంది. ఒక ఏడాది ఆమె చేను వదిలితే, అదే అదనుగా తర్వాతి ఏడాది మిగతావాళ్ళనూ ఆపిస్తారు, అక్కడ ఎవరి చేనూ మిగలదు.

నాయకుడు నా వైపు తిరిగారు. గొంతు మెత్తబడింది. "మీరు చదువుకున్నవారు. మీరే ముందు మాట్లాడండి. సొంత కుటుంబమే అయినా న్యాయం వైపు నిలబడ్డారని అందరూ మెచ్చుకుంటారు. ఆ మాటకు బలం ఉంటుంది."

ఆయన నాకు ఒక గౌరవం ఇస్తున్నాననే అనుకున్నారు. చదువుకున్నవారు అనే ఆ మాటను నేను చాలాచోట్ల విన్నాను. మీ వాళ్ళలాంటిదానివి కాదు సుమా అని దాని తాత్పర్యం. మా వాళ్ళలాంటిదాన్ని కాకపోవడానికి నేను చదువుకోలేదు.

"మాట్లాడతాను సార్," అన్నాను.

చెప్పులు విప్పి చేలోకి దిగాను. పొద్దుటిపూట శనగాకు మీద పుల్లటి మంచు ఉంటుంది, కాళ్ళకు చురుక్కుమంటుంది. రెండు కపిల స్తంభాల మధ్య నిలబడ్డాను. వైద్యుడు ఫోను ఎత్తి, కానివ్వమన్నట్టు తల ఊపాడు. నా పేరు, ఉద్యోగం చెప్పాను. తరగతిలో పాఠం చెప్పేటప్పుడు మాట్లాడినట్టే, తొందర లేకుండా, మాట మాటా విడదీసి చెప్పాను.

"ఇది మునిగిపోయిన మా జేజినాయన చేను. ఇందులో శనగ వేసుకున్నది మా మేనత్త. ఈ ఒడ్డున బాతులు మేస్తుండగా నేను చూసింది ఈ చేలలోనే. ఈ రోజు పొద్దున కూడా మేమంతా వాటిని ఈ మొక్కల మధ్యనే చూసి సంతోషించాం. ఇక్కడ ఉచ్చులు లేవు. మా మేనత్తను వేటగత్తె అన్నవారు ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. సాగు ఎంతవరకు ఉండాలి, ఏ పురుగుమందు కొట్టకూడదు అనే విషయాలు తర్వాత, ఈ కాలనీవాళ్ళను కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. వాళ్ళు లేకుండా కాదు."

"ఆపండి, ఆపండి," అన్నారు నాయకుడు. "డాక్టరుగారూ, అది తీసేయండి. మీరు ఇవతలికి రండి. మిగతావాళ్ళు మాట్లాడతారు."

"రాను సార్."

"ఏమిటి?"

"ఇక్కడి నుంచి కదలను. ఈ చేనును వీడియో తీయాలంటే నన్ను కూడా తీయాలి. నేను కనబడినంత సేపూ మాట్లాడుతూనే ఉంటాను."

ఇంతలో వెనక నుంచి మా అత్త అరిచింది. "మాట్లాడేది మాట్లాడు గానీ కాలు తియ్‌మ్మే! సెట్టు మీద నిలబడుకోనుండావు!"

కాలు తీసి పక్కకు పెట్టాను. స్తంభాల మధ్య నుంచి మాత్రం జరగలేదు. వైద్యుడు ఫోనును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎటు తిప్పినా నేను ఉన్నాను. అతను ఇబ్బందిగా నవ్వి, ఫోను దించేశాడు. నాయకుడు కాపలాదారు మీద విరుచుకుపడ్డారు.

"నువ్వేం చేస్తున్నావయ్యా? రిపోర్టు రాయి!"

"ఏమని రాయల్ల సార్?" అన్నాడతను. "ఉచ్చు లేదాయె, పిట్ట లేదాయె. పెద్దమ్మ రొట్టె తింటాండాదని రాయల్లా?"

"నీ మీద కూడా చెప్తాను పైకి."

"చెప్పండి సార్. వాళ్ళొచ్చి చూసినా ఈడ ఉండేది ఇదే."

మా అత్త అప్పుడు ఒక అడుగు ముందుకు వేసింది. అప్పటి దాకా ఉన్న వేళాకోళం ఆమె గొంతులో లేదు. "సామీ, నీళ్ళు గవర్మెంటువి. అవి వచ్చిననాడు మేమే లేసి పోతాం, మమ్మల్ని ఎవురూ తోలే పన్లేదు. బురద మాత్రం మాది. దీన్ని తీసుకోనిపోయేకి ఇంతవరకూ ఎవురూ రాలే."

నాయకుడు గట్టు మీదుగా వెనక్కి నడిచారు. బృందం ఆయన వెంట నడిచింది. కొంతసేపటికి మినీబస్సు హారను మోగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. అది నా కోసమే. నేను వెళ్ళలేదు.

బస్సు శబ్దం దూరమయ్యాక మా అత్త నన్ను మెచ్చుకుంటుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆమె తెగిన రిబ్బను చుట్ట ఒకటి నా చేతిలో పెట్టింది.

"వాళ్ళు తొక్కి రెండు పక్కల తెంపినారు. పట్టు, కడదాం. బాతులు మళ్ళా దిగుతాయి."

"నేను కట్టను అత్తా."

"ఏం మే? ఇందాక అంత మాట్లాడితివి!"

"నిన్ను వేటగత్తె అంటే ఊరుకోను. బాతులను తోలడానికి మాత్రం సాయం చేయను. వాటిని చూడడానికే నేను ఇంత దూరం వచ్చేది."

"అవి నా నోటికాడి కూడు తింటాంటే నువ్వు సూసి సంబరపడతావా?"

"పడతాను."

ఆమె నన్ను తేరిపార చూసింది. మా ఇంట్లో ఆమె మాటకు ఎదురు చెప్పినవారు తక్కువ. చుట్ట నా చేతిలోంచి లాక్కుని, "సదివించినాడు మా అన్న, బాగా సదివించినాడు," అంటూ తానే కట్టుకోవడం మొదలుపెట్టింది. కట్టడం అయ్యాక మిగిలిన రొట్టెను విరిచి సగం నాకు ఇచ్చింది. "ఇది తినేకి అడ్డమేమన్నా ఉండాదా?"

"లేదు," అని తిన్నాను. స్తంభానికి ఆనుకుని కూర్చుని, ఆమె నీళ్ళవైపు తిడుతూ ఉండగా, నేను నీళ్ళవైపు చూస్తూ ఉన్నాను. బాతులు మాకు వినబడేంత దూరంలోనే తేలుతున్నాయి.

ఆ సాయంత్రం నాయకుడు ఫోన్ చేశారు. బృందం ముందు ఆయన పరువు తీశానన్నారు. లిఖితపూర్వకంగా క్షమాపణ చెబితే మళ్ళీ చేర్చుకుంటామన్నారు. చెప్పనని చెప్పాను. మర్నాటికల్లా బృందం వాట్సాప్‌లోంచి నన్ను తొలగించారు. కళాశాలలో ఒక సహోద్యోగి, పెద్దవాళ్ళతో ఎందుకు పెట్టుకున్నావు, ఒక్క మాట అంటే పోయేదేముంది, అంది. పోయేది ఏమిటో ఆమెకు వివరించాను. పక్షులను ప్రేమించే హక్కు మాకు ఎవరో ఇచ్చేది కాదు, మా వాళ్ళను అప్పగించి కొనుక్కునేది అంతకంటే కాదు.

తర్వాతి ఆదివారం ఆర్టీసీ బస్సెక్కి ఒక్కదాన్నే వెళ్ళాను. గేటు దగ్గర మినీబస్సు ఆగి ఉంది. కాపలాదారు నా టికెట్టు చించి ఇస్తూ, "కేసేం రాయలేదు మేడం. పై నుంచి ఒక సారు వచ్చి చూసి పోయినాడు. రిబ్బన్లు చేతికి తీసుకోని చూసి, గమ్మున పోయినాడు," అన్నాడు. ఈ ఏడాదికి రాయలేదు. వచ్చే ఏడాది సంగతి అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

ఒడ్డు మీద బృందం ఎప్పటిచోటనే ఉంది. నేను ఇంకో చోటు వెతుక్కోలేదు. నేనూ ఎప్పటిచోటనే, వారికి నాలుగు అడుగుల ఎడంగా నిలబడ్డాను. కొంతసేపటికి నాయకుడు దగ్గరికి వచ్చారు. ఆయన మొహంలో కోపం కంటే నొప్పే ఎక్కువ ఉంది. అది చూసి నాకూ బాధ కలిగింది.

"మీ నుంచి ఒక్క క్షమాపణ కోసమే ఇంకా ఎదురుచూస్తున్నాం అమ్మా," అన్నారు.

"నేనూ ఎదురుచూస్తున్నాను సార్," అన్నాను. "మా అత్త అదిగో, చేలోనే ఉంది. వెళ్ళి ఆమెకు చెప్పి రండి. నేను ఇక్కడే ఉంటాను."

ఆయన చేను వైపు చూశారు. మధ్యలో ఉన్న బురదను చూశారు. తర్వాత కిందికి, తమ బూట్ల వైపు చూసుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డారు.